చేయి లేవని రవిక

కుట్టుమిషన్‌కు నూనె వేసి చక్రం తిప్పినప్పుడు వచ్చే వాసన ఇప్పటికీ నన్ను చిక్కపేటకు తీసుకుపోతుంది. యుద్ధం రోజులవి, గుడ్డకు కరువు. మా సందులోనే రత్నమ్మక్క తన ఇంటి నడవలో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పేది. పొట్టి మనిషి, పెద్ద నవ్వు. చేరేవాళ్లకు కొదవ లేదు, నిలిచేవాళ్లే తక్కువ. ఒకామెకు పెళ్లి కుదిరేది, ఇంకొకామెకు నెలల తరబడి కాజాలే కుట్టి విసుగు పుట్టేది. నాకు మాత్రం ఆ పనంటే ప్రాణం. అయినా ఒకరోజు మా అత్త, ఇంటిపని ఎవరు చేస్తారని, ఇక పోవద్దని తేల్చేసింది. ఏడుస్తూ పోయి అక్కతో చెప్పుకున్నాను.

అక్క వచ్చి బతిమాలుతుందనుకున్నాను. ఆమె మా అత్తతో తీరిగ్గా కష్టసుఖాలు మాట్లాడి, "వరలక్ష్మి పండగకి మీ కోడలే మీకు రవిక కుడతాదమ్మా. ఆమీట మానేస్తాదిలే" అంది. అత్త పొంగిపోయి పెట్టెలో దాచుకున్న పట్టుగుడ్డ తీసింది. అక్క టేపు నా చేతికిచ్చింది. అత్త ఎదుట నిలబడడమే నాకు భయం, ఇక చేతులెత్తమని ఎట్లా చెప్పను? ఆమె చేతులు దించుకొని ఉండగానే పైపైన కొలిచేశాను. అక్క చూస్తూనే ఉంది, నోరు మెదపలేదు. కత్తిరించేటప్పుడు మాత్రం లోపలి మడతకు గుడ్డ బాగా వదలమంది.

పండగనాడు పేరంటాళ్ల ముందు అత్త కొత్త రవిక తొడుక్కొని హారతి పళ్లెం పట్టుకుంది. చేయి పైకి లేస్తేనా! అమ్మవారికి ఆ ఏడు నడుము దాకానే హారతి దక్కింది. పేరంటాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను తలుపు చాటుకు జరిగాను.

అందరూ వెళ్లాక అత్త నన్ను పిలిచి, "సగం నేర్సినదాన్ని ఇంట్లో పెట్టుకొంటే నా చేతులు కట్టేసినట్టే ఉండాది. పో, పూర్తిగా నేర్సుకొని రా. సంగటి నేనే కెలుక్కుంటా" అంది.

మరునాడు కుట్లు విప్పితే సరిపడా గుడ్డ లోపలే ఉంది. ముందే తెలుసా అని అక్కను నిలదీశాను.

"తెలిసే గమ్మున ఉంటినమ్మీ. నేను చెప్తే మీ అత్త వినేది కాదు. ఇంక రవికే చెప్పల్ల" అని కడుపు పట్టుకొని నవ్వింది. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ నవ్వు ఆగలేదు.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకొనే పిల్లల్లో ఎవరైనా రావడం మానేస్తే వాళ్లను తిట్టను. మానిపించినవాళ్ల ఇంటికే పోయి, ఆ పిల్లచేత వాళ్లకే ఏదో ఒకటి కుట్టిస్తాను. అక్క ఇచ్చిన విద్యల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చింది ఇదే. ఇక మా అత్త, ఉన్నన్నాళ్లూ ఇంకొకరు కుట్టిన రవిక తొడగలేదు. నేను టేపు తీయగానే, అడగకుండానే రెండు చేతులూ పైకెత్తి నిలబడేది.