ఎర్ర పెట్టెలో పడని ఓట్లు

మొన్న మా మనవరాలు హిందీ పాఠ్యపుస్తకం తెచ్చి, రాష్ట్రపతిని ఎన్నుకునే పద్ధతి చెప్పమని పక్కన కూర్చుంది. ప్రజలు ప్రతినిధులను, ఆ ప్రతినిధులు రాష్ట్రపతిని ఎన్నుకుంటారని వరసగా వివరిస్తూ ఉంటే, బిలాస్‌పూర్‌లో నేను మొదటిసారి ఓటు పాఠం చెప్పిన వెనక గది గుర్తుకొచ్చింది.

రైల్వే కాలనీలో పెరిగిన మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, యుద్ధానికి ముందు మన ఉద్యోగుల క్లబ్బు అయిన ఇన్‌స్టిట్యూట్‌కు అధ్యక్షుణ్ణి దొరలే నియమించేవారు. ఒక ఏడాది ఖలాసీలూ గ్యాంగ్‌మన్‌లూ సహా సభ్యులందరూ ఓటు వేసి ఎన్నుకోవచ్చని నోటీసు పెట్టారు. నిలబడినవారు ఇద్దరు: గార్డుగా పనిచేసే మా పెదనాన్న, ఆఫీసు హెడ్ క్లర్కు గారు. ఇన్‌స్టిట్యూట్ వెనక గదిలో మన పిల్లల తెలుగు బడి నడిచేది. తాను గెలిస్తే అక్కడ బిలియర్డ్స్ బల్ల వేయిస్తానని హెడ్ క్లర్కు గారు బాహాటంగానే చెప్పారు. మనకు ఆ ఊళ్ళో మరో తెలుగు బడి లేదు.

నేనప్పుడు ఇంజినీరింగ్ స్కూలు చదువు ముగించి సిగ్నల్ శాఖలో కొత్తగా చేరినవాణ్ణి, ఏ పనినైనా అంశాలుగా విడగొట్టుకుంటే తప్ప తోచని స్వభావం. పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక అదే గదిలో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, ఓటు ఒక మనిషికి ఒకటేనని, అది రహస్యమని, ఎక్కువ పడినవారే అధ్యక్షులని చెప్పాను. పలాస వైపు నుంచి వచ్చిన గ్యాంగ్ మేస్త్రీ, నాకు వరసకు తాత, "ఇంటిదానికి కూడా సెప్పకూడదా? అయితే ఈ పూట నాకు కూడుండదు" అని అందర్నీ నవ్వించాడు.

చదువు రానివారి కోసం అభ్యర్థికొక రంగు పెట్టె ఉండాలని దొరలు అన్నారు. స్టోర్స్‌లో దొరికినవి సిగ్నళ్ళకు వేసే రంగులే. చీట్లు తీస్తే హెడ్ క్లర్కు గారికి పచ్చ, పెదనాన్నకు ఎరుపు వచ్చాయి.

మరునాడు రెండు డబ్బాలకు రంగు కాగితాలు అతికించి అందరిచేతా వేయించి చూశాను. పెదనాన్న అంటే ప్రాణం పెట్టేవాళ్ళు కూడా ఎర్ర డబ్బా ముందు ఆగి, చీటీని పచ్చదానిలో వేసి వచ్చారు. ఎందుకని గదమాయిస్తే మేస్త్రీ తాత, "ఏటి బాబూ, ఎర్ర సూసినాక సెయ్యెలాగ ముందుకెల్తాది? దాటినోడి ఉజ్జోగం ఉంటాదా?" అన్నాడు. అది సిగ్నల్ కాదు, పెట్టె అని ఎన్నిసార్లు చెప్పినా అచ్ఛా అచ్ఛా అని తలలూపేవారే గాని, చేతులు వినేవి కావు. రంగు మార్చమని అర్జీ పెట్టుకున్నాను. చీటీ తీశాక కుదరదన్నారు. ఆ నియమం న్యాయమైనదే, కాదనలేకపోయాను. పెదనాన్న మాత్రం, "నా ఎర్ర జెండా చూసి ఆగకపోతే తిట్టాలి గాని, ఆగారని తిడతావేంట్రా" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

ఓటింగు నాడు గుమ్మం బయట నిలబడ్డాను. తెర వెనక ఎవరు ఎందులో వేశారో తెలియదు, తెలియకూడదు కూడా. బయటికి వచ్చిన మేస్త్రీ తాత నా వైపు చూడకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం పెట్టెలు తెరిస్తే ఎర్రదాని అడుగు కనిపిస్తూనే ఉంది. వారం తిరగకుండా మా నల్లబల్ల వరండాలోకి, బిలియర్డ్స్ బల్ల గదిలోకి చేరాయి. పెదనాన్న కొన్నాళ్ళు పిల్లల్ని తన క్వార్టర్‌లో కూర్చోబెట్టి పాఠాలు చెప్పి చూశారు. ఆయన డ్యూటీకి వెళ్ళిన రోజుల్లో బడి ఉండేది కాదు. ఒక్కొక్కరే పిల్లల్ని హిందీ బడిలో వేశారు.

ఇప్పుడు పెట్టెలకు రంగులు లేవు, ఓటు చీటీ మీద గుర్తులున్నాయి, ఓటు వేయడానికి ఎవరూ జంకడం లేదు. మన ఇళ్ళలో తెలుగు వినబడుతూనే ఉంది, పిల్లలు తల్లులతో ఆ భాషలోనే పోట్లాడతారు. కాని ఊరి నుంచి తెలుగు శుభలేఖ వస్తే మాత్రం చదివిపెట్టమని నా దగ్గరికి తెస్తారు. ఎవరి పెళ్ళో, ఏ ఊళ్ళోనో, ముహూర్తం ఎప్పుడో వరసగా చెబుతాను. విని, హిందీలో రాసుకుని, కార్డు నా దగ్గరే వదిలేసి వెళ్ళిపోతారు.