కనెక్టికట్‌లో ఒక దూలం కోసం

మంచం జరపండి, దూలం కొయ్యకండి అని ఫోన్‌లో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. నా స్నేహితులు లావణ్య, కిరణ్ దంపతులు కనెక్టికట్‌లో సముద్రం దగ్గరి చిన్న ఊళ్ళో కొన్న చెక్క ఇల్లు, అమెరికా దేశం పుట్టకముందు కట్టింది. పడగ్గదిలో పాత ఫాల్స్ సీలింగ్ ఊడదీస్తే నల్లటి ఓక్ దూలం బయటపడింది. ఫొటో పంపి ఎంత మురిసిపోయారో! వారం తిరక్కుండా తెనాలి సిద్ధాంతిగారు వీడియో కాల్‌లో చూసి, మంచం పైన దూలం దోషమన్నారు. మంచం జరపడానికి గదిలో చోటు లేదట. శనివారం రంపంతో మనిషి వస్తాడనగానే ఆ పొద్దున్నే జెర్సీ సిటీలో బయల్దేరాను.

వెళ్ళదలచినవాళ్ళకి ఒక మాట. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నుంచి న్యూహేవన్‌కి రెండు గంటలు. అక్కడ రైలు మారాలి, టికెట్ మళ్ళీ కొనాలి. రెండో రైలు నాకు అందలేదు. బల్లమీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తింటూ సిద్ధాంతిగారిని తిట్టుకున్నాను. పక్కనున్న అమెరికన్ పెద్దావిడకి, స్నేహితులు పాత ఇల్లు కొన్నారని చెప్పాను.

"అయ్యో, ముందు ఏది పీకేస్తున్నారు?" అందావిడ.

దిగేసరికి మధ్యాహ్నం పన్నెండు. ఇల్లు చూడగానే ఒళ్ళు మండింది. చెక్క గోడలకి ఎవరో ప్లాస్టిక్ పలకలు తొడిగారు. ఇంకెవరో పక్క గోడ పగలగొట్టి కారు షెడ్డు అతికించారు. నడిమధ్య ఉండాల్సిన పొగగొట్టం చోట బాత్‌రూమ్ ఉంది. వచ్చినవాళ్ళందరూ తలో చెయ్యి వేసినా ఇల్లు నిలబడిందంటే లోపలి చట్రం పుణ్యమే.

రంపం ఇంకా నేలమీదే ఉంది, బతికించారు. దూలం మీద గొడ్డలి గాట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇనుమన్నది లేదు, అతుకుల్లో దిగ్గొట్టినవి చెక్క మేకులే. పై అంతస్తు దీని మీదే నిలబడిందని కిరణ్‌ని కడిగేశాను.

లావణ్య కళ్ళు తుడుచుకుంది. "ఈ ఇంట్లోకి వచ్చిన వారానికే కిరణ్ వీసా ఎక్స్‌టెన్షన్‌కి క్వెరీ వచ్చిందక్కా. భయం వేయదా?"

వీసా ఆఫీసుకి మీ పడగ్గదితో ఏం పని అని అరవాలనిపించింది. ఆ మొహం చూసి అరవలేకపోయాను.

"దీని బదులు స్టీల్ బీమ్ వేయిస్తున్నాం అక్కా, లోడ్ ప్రాబ్లమ్ ఉండదు," అన్నాడు కిరణ్.

"అది మాత్రం దూలం కాదా?"

"అది సీలింగ్ లోపల ఉంటుంది కదా. కనపడకపోతే దోషం లేదన్నారు."

"అయితే దీన్నే కప్పెయ్యండి," అన్నాను. ఇంత దూరం వచ్చి నా నోటితో నేనే ఆ మాట అన్నాను. తెనాలికి ఫోన్ వెళ్ళింది. సిద్ధాంతిగారు కాసేపు ఆలోచించి సరేనన్నారు. రంపం తెచ్చిన మనిషే వెళ్ళి సీలింగ్ బోర్డులు తెచ్చాడు. మొదటి బోర్డు ఎక్కేలోపు దూలాన్ని ఒకసారి చేత్తో తడిమి స్టేషన్‌కి నడిచాను.

తిరుగు రైలు స్టామ్‌ఫర్డ్ దాటుతుండగా ఫొటో వచ్చింది. ఇప్పుడు ప్రశాంతంగా ఉందక్కా అని కింద రాసింది లావణ్య. ఊరు బాగుంటుంది, వెళ్ళండి. ఆ ఇంటికి వెళ్తే మాత్రం పైకి చూసి లాభం లేదు, తెల్లటి సీలింగే కనిపిస్తుంది. దాని వెనక అదే దూలం ఉంది, సరిగ్గా దాని కిందే అదే మంచం.