తాండూరులో ఉడకని కందిపప్పు

రిటైరయ్యాక ఒకసారి వికారాబాదులో కొత్తగా చేరిన వార్డెన్లకు శిక్షణ పెట్టి నన్ను మాట్లాడమని పిలిచారు. "ఇన్నేళ్లు హాస్టళ్లు నడిపారు కదా మేడం, నాయకత్వం గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నాయకత్వమంటే ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నేను బడికి పోయినదాన్ని కూడా కాదు. మా అమ్మ ఇంట్లోనే నాపరాళ్ల నేల మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించింది, లెక్కలు నేర్పింది. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. ఆ తర్వాతి చదువులూ అలాగే సాగాయి. ఉద్యోగం వచ్చిన రోజు దేవుడి ముందు దీపం పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఆ స్వామి నాకు ఇవ్వవలసిన దానికంటే ఎక్కువే ఇచ్చాడని ఆనాడూ అనుకున్నాను, ఈనాడూ అనుకుంటున్నాను. అయితే ఆ కొత్త వార్డెన్లకు చెప్పడానికి నా దగ్గర పప్పు సంగతి ఒక్కటే ఉంది. అక్కడ సగమే చెప్పగలిగాను. మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నేను తాండూరులో ఆడపిల్లల ప్రభుత్వ హాస్టలుకు వార్డెన్ని. వారమంతా అక్కడే ఉండి, ఆదివారం రైలెక్కి వికారాబాదులో మా ఇంటికి పోయి వచ్చేదాన్ని. వడ్డన మొదలయ్యే ముందు వార్డెన్ తొలి ముద్ద తిని చూడాలి, అది మా దగ్గరి పద్ధతి. దసరా సెలవులు అయిపోయి పిల్లలు తిరిగి వచ్చిన రోజు ఆ ముద్ద నోట్లో పెట్టుకుంటే పప్పు పలుకులు పలుకులుగా తగిలింది. మంట చాలలేదేమో అనుకుని ఊరుకున్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

తాండూరులో పప్పు ఉడకకపోవడం ఎంత పెద్ద మాటో బయటివాళ్లకు అర్థం కాదు. ఇక్కడి కంది మీద ఇక్కడివాళ్లకు ఉన్న గర్వం అంతా ఇంతా కాదు. పొయ్యి మీద పెట్టి అటు తిరిగి ఇటు తిరిగేసరికి వెన్నలా అయిపోతుందంటారు. హైదరాబాదులో చుట్టాలింటికి పోతే స్వీట్లు మరిచిపోతారేమో గానీ పప్పు సంచి మరవరు. అలాంటి ఊళ్లో పప్పు ఉడకలేదంటే దానికి ఒక్కటే అర్థం. అది మన పప్పు కాదు, ఎవరో మార్చేశారు.

ఆ మాట మొదట అన్నది వాచ్‌మన్. "గిది మన కంది కాదు మేడం. ఎక్కడిదో పరాయి పప్పు. అసలుది బజార్ల అమ్ముడుపోయి ఉంటది" అని వంటింటి వైపు చూశాడు.

వంటింట్లో ఉన్నది ఒక్క మనిషే. కరణ్‌కోట దిక్కు పల్లె నుంచి పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయే వంటమ్మ. గొర్రెలు కాసుకునే ఇల్లు. మా దగ్గరిది కాంట్రాక్టు పనే అయినా ఆ జీతంతోనే బిడ్డను వికారాబాదులో నర్సింగు చదివిస్తోంది. పిల్లలు ఆమెను పెద్దమ్మా అని పిలిచేవారు. ఆ వారం ఆ పిలుపుకు తోకలు పుట్టాయి.

"పెద్దమ్మా, గీ పప్పు కరణ్‌కోట రాళ్ల గనులల్లకెల్లి తెచ్చినవా?"

"తినుండ్రి తినుండ్రి, పండ్లు గట్టిపడ్తయ్" అనేది ఆమె. నవ్వుతూనే అనేది, కానీ గరిటె పళ్లేనికి తగిలే చప్పుడు మారిపోయింది.

పిల్లల్లో ఎవరో ఇంటికి ఫోను చేశారు. ఆ ఇంటివాళ్లు మా పై అధికారికి చేశారు. ఆయన నాకు చేశాడు.

"ఆమెను తీసెయ్యండి మేడం. శుక్రవారం నేనే వస్త. రిపోర్టు రాసి పెట్టుండ్రి, వేరే మనిషిని కూడా చూసిన."

అప్పటిదాకా నా అనుమానం వంటమ్మ మీదే ఉంది, అబద్ధమాడను. ఆ చివరి మాటతో అది ఆయన మీదికి కూడా పాకింది. పప్పు ఉడకలేదన్న కబురు నిన్నగాక మొన్న చేరింది. ఇంతలోనే వేరే మనిషి ఎక్కడ దొరికింది? దొరికిందా, ముందే ఉందా?

ఆ ఆదివారం స్టోర్ గదిలోని బస్తాలోంచి గుప్పెడు పప్పు కొంగున కట్టుకుని ఇంటికి పోయాను. పూజ అయ్యాక నా పొయ్యి మీద పెట్టాను. వెన్నలా ఉడికింది. బస్తాలో ఉన్నది మన కందే అయితే, బస్తాకూ పప్పు వండే గంజుకూ మధ్యలో మారుతోందన్న మాట. ఆ మధ్యలో ఉన్నది ఆమె ఒక్కతే.

సోమవారం సాయంత్రం నేను వరండాలో ఉన్నాను. వంటమ్మ రోజూ లాగే ఒక మూట చంకన పెట్టుకుని గేటు దగ్గరికి పోయింది. వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు.

"వదినె, గా మూట జర ఇప్పి సూపియ్యరాదు."

ఆమె వాడి వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను వద్దనలేదు. ఆమె అక్కడే కూర్చుని ముడి విప్పింది. గోబీ మట్టలు, చిక్కుడు ఈనెలు, సొరకాయ తొక్కలు. గొర్రెపిల్లలకు.

"సూడుండ్రి మేడం, మంచిగ సూడుండ్రి. తొక్కల కింద పప్పు గిట్ల దాగిందేమో" అని బట్ట ఎత్తి దులిపింది. తొక్కలన్నీ గేటు ముందర పడ్డాయి. కిటికీల్లో పిల్లలున్నారు. ఎవరూ నవ్వలేదు. ఆమె మళ్లీ అన్నీ ఏరుకుంది. "రేపటికెల్లి విప్పే తీస్కపోత. ముడి ఏసుడు తిప్పలు గూడ ఉండది" అని బస్సుకు పోయింది.

మంగళవారం పొద్దున పప్పు నేనే కొలిచాను. నేనే కడిగాను, గంజులో నేనే పోశాను. పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. జపం చేసుకుంటున్నానే గానీ కళ్లు గంజు మీదే ఉన్నాయి. ఆమె పక్కన వంకాయలు తరుగుతోంది. అన్నం అయింది, కూర అయింది. పప్పు గింజ తీసి వేళ్ల మధ్య నొక్కాను. గట్టిగా ఉంది.

"ఇప్పుడెవల మీద ఏస్తరు మేడం?" అంది ఆమె.

"నీకేమనిపిస్తోంది?"

"నాకా? గీ గంజుకు దిష్టి తాకింది. మొన్ననే ఉప్పు మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసిన. అయినా పోలే."

ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. నా అనుమానానికి పట్టుకోవడానికి మనుషులే లేకుండా పోయారు. మనుషులు లేరని తేలాకే వస్తువుల వైపు చూడడం మొదలుపెట్టాను. పప్పు అదే. మంట ఎక్కడైనా మంటే. మా ఇంట్లో ఉన్నదేమిటి, ఇక్కడ లేనిదేమిటి? గంజు అంచు చూశాను. లోపల తెల్లగా, సున్నం వేసినట్టు చార కట్టి ఉంది. వారం రోజులుగా పిల్లలు తలస్నానం చేస్తే జుట్టు చీపురులా అవుతోందని, సబ్బు నురగే రావడం లేదని గొణుగుతున్నది అప్పుడు చెవికెక్కింది.

వాచ్‌మన్‌ను పిలిచి ఈ నల్లాకు నీళ్లు ఎక్కడివని అడిగాను.

"బోరువి మేడం. సెలవుల్ల రోడ్డు తవ్వినప్పుడు మున్సిపాలిటీ నీళ్ల పైపు పల్గింది. ప్లంబరొచ్చి పైన ట్యాంకికి బోరు కలిపి పోయిండు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీళ్లు మస్తు వస్తున్నయ్ గద, పరేషాన్ ఎందుకని చెప్పలే."

తాండూరు నేల కింద అంతా సున్నపురాయే. ఆ రాళ్లలోంచి వచ్చే నీళ్లలో పప్పు ఎంతసేపు ఉంచినా మెత్తబడదు. తాగడానికి క్యాన్ల నీళ్లు వస్తాయి కాబట్టి బోరు నీళ్లు మాలో ఎవరి నోటికీ తగల్లేదు. నమ్మకం కుదరక రెండు గిన్నెలు పెట్టించాను. ఒకదాంట్లో క్యాన్ నీళ్లు, ఒకదాంట్లో నల్లా నీళ్లు, రెండిట్లోనూ ఒకే బస్తా పప్పు. పిల్లలు మూగారు. ఒక గిన్నెలో పప్పు కలిసిపోయింది, రెండోదాంట్లో గింజలు గింజల్లాగే కూర్చున్నాయి. వాచ్‌మన్ వంటింటి కప్పు వైపు చూడసాగాడు. వంటమ్మ రెండు గిన్నెల్లోనూ గరిటె తిప్పి చూసింది. "నీళ్లా!" అంది. అంతే.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లలందరినీ లేపి నిలబెట్టి, పెద్దమ్మ ఒక్క గింజ కూడా తీయలేదని చెప్పాను. కొత్త వార్డెన్లకు నేను గట్టిగా చెప్పింది ఇదే. అనుమానం రాకుండా హాస్టలు నడవదు, నడపకూడదు కూడా. కానీ మనిషి మీదికి పోయే ముందు దాన్ని నీటి మీద, నిప్పు మీద, గిన్నె మీద ఒక పూట నిలబెట్టాలి. గేటు ముందర దులిపించిన పరువును నాలుగు గోడల మధ్య తిరిగి ఇస్తే సరిపోదు.

శుక్రవారం అధికారి వచ్చాడు. జీపులోంచి ఆయన వెనకే ఇస్త్రీ చీర కట్టుకున్న ఒకావిడ దిగింది. ఎవరని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. క్యాన్ నీళ్లతో వండిన పప్పు వడ్డించారు. రెండు గిన్నెల సంగతి నేను చెబుతుంటే ఆయన తింటూ తలూపాడు.

"సరే మేడం. ఆమెనే ఉండనీయండి."

వంటమ్మ గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న ఆవిడకు కూడా పళ్లెం పెట్టింది. "తినిపో చెల్లె, దూరం కెల్లి వచ్చినట్టున్నవ్" అని మరోసారి పప్పు పోసింది. జీపు పోయాక నా దగ్గరికి వచ్చింది.

"ఆమె నా జాగలకే వచ్చింది గద మేడం?"

"ఏమో."

"ఏమో కాదు. తినేటప్పుడంత వంటింటి దిక్కే సూసింది. సారు ఏమన్నడు?"

"నిన్నే ఉండమన్నాడు."

"రాసిచ్చిండా?"

"లేదు."

"అయితే రేపు బస్సుకు వస్త. ఎల్లుండి సంగతి ఎల్లుండి" అని చేతులు తుడుచుకుంది.

నన్ను నమ్మమని అనడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు పొద్దున రైలుకు వికారాబాదు పోయి సారు ఆఫీసు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాను. సారు వచ్చాడు, నన్ను చూసి చిరాకుపడ్డాడు.

"నిన్న చెప్పిన గద మేడం, ఉండనీయమని. నా మాట మీద నమ్మకం లేదా మీకు?"

"నాకుంది సార్" అన్నాను. "ఆమెకు లేదు."

ఆయన బెల్లు కొట్టి టైపు చేసే అబ్బాయిని పిలిచాడు. కాగితం మీద సంతకం ఆరే వరకు నేను కుర్చీలోంచి లేవలేదు.