పొయ్యి మీద పెట్టిన మగ్గు

ఇంగ్లండులోని షెఫీల్డులో లోహపు సామాన్లకు మెరుగు పెట్టే ఆడవాళ్ళు ఎదురైతే పోలీసులు కూడా పక్కకు తప్పుకునేవారని చెప్పుకుంటారు. తలకు ఎర్ర రుమాలు, బట్టలు పాడవకుండా నడుముకు చుట్టుకున్న కాగితం, మోచేతుల దాకా నల్లటి మడ్డి. సాయంత్రం కార్ఖానా వదలగానే చేతులు కలుపుకుని వీధి నిండా పాడుకుంటూ వచ్చేవాళ్ళు. వాళ్ళందరిలోకీ పెద్ద గొంతు ఐవీ స్టానిఫోర్త్‌ది. పైగా ఆమె పాడే పాటలేవీ చర్చిలో పాడదగ్గవి కావు.

పద్నాలుగో ఏట ప్యూటర్ కార్ఖానాలో చేరింది. ప్యూటర్ అంటే చాలావరకు తగరమే, గట్టిపడడానికి ఇంకో లోహం కాస్త కలుపుతారు. వెండిలా మెరుస్తుంది గాని వెండికున్న బింకం లేదు, గట్టిగా పట్టుకుంటే సొట్టపడేంత మెత్తన. మగ్గుల్నీ టీ కూజాల్నీ తిరిగే చక్రానికి ఆనించి మెరుపు తేవడం ఐవీ పని. తండ్రి ఎనోక్ అదే కార్ఖానాలో రేకును లేతు యంత్రం మీద తిప్పుతూ వత్తి మగ్గుగా మలిచేవాడు. కూతురికి చదువు చెప్పించలేదు గాని, ప్యూటర్‌ని ఎలా చూసుకోవాలో మాత్రం మాటలొచ్చిన నాటినుంచీ నూరిపోశాడు.

"గోరువెచ్చని సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ, కడిగిన వెంటనే తుడవాలి. ఇసుక తగలనిచ్చావా, వీపు చీరేస్తా. ఓకు చెక్క బీరువాలో పెట్టకు, ఆ చెక్క వాసనకే పాడవుతుంది. మసకేస్తే క్యాబేజీ ఆకుతో రుద్దు. ఇక పొయ్యి దగ్గరికి మాత్రం..."

"తీసుకెళ్తే కరిగిపోతుంది. వందసార్లు చెప్పావు నాన్నా."

"ఇంకోసారి విను. చెవులేం అరిగిపోవు."

పొయ్యి సంగతి ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. పై ఊరినుంచి వచ్చిన కోడలెవరో టీ కూజాను పొయ్యి మీద పెట్టి ముద్ద చేసిందట. పాపం, ఆవిడ ముసలిదయ్యేదాకా ఏడిపించారు.

ఎనోక్ సొంత మగ్గు మాత్రం కార్ఖానా సరుకు కాదు. అది ఆయన ముత్తాతది. నల్లగా, బరువుగా ఉండేది. గోటితో మీటితే ఖంగుమనేది కాదు, మొద్దుగా ఓ చప్పుడు చేసి ఊరుకునేది. ఆ ఇంట్లో మగపిల్లాడు మొదటి జీతం తెచ్చిన రోజున వీధి మలుపులో ఉన్న పబ్బులో ఆ మగ్గుతోనే మొదటి బీరు తాగాలి. ఐవీ తమ్ముడు సిరిల్ కూడా అలాగే తాగాడు. ఇంకా మీసం రాని మూతికి నురగ మీసం పెట్టుకుని, "ఎలా ఉన్నానే అక్కా?" అంటే, "గడ్డికి బదులు సబ్బు మేసిన మేకలా ఉన్నావురా" అంది ఐవీ. పబ్బంతా ఘొల్లుమంది. యుద్ధం వచ్చి సిరిల్ నౌకాదళంలో చేరాడు. ఓడతో పాటే మునిగిపోయాడు. పూడ్చుకోవడానికి కూడా ఏమీ ఇంటికి రాలేదు.

అప్పటినుంచి ఎనోక్ ఇంకోదాంతో తాగలేదు. పబ్బులో కొక్కేనికి వేలాడే మగ్గును ఇంటికి తెచ్చేసుకున్నాడు, వెళ్ళేటప్పుడు కోటు జేబులో వేసుకుపోయేవాడు. సిరిల్ పెదవి ఆనిన వైపే తన పెదవీ ఆనించేవాడు. ఎవర్నీ కడగనిచ్చేవాడు కాదు, తనూ కడిగేవాడు కాదు. అడుగున మిగిలిన బీరు తెల్లారేదాకా పులిసేది, దాని మీదే మర్నాటి బీరు. ఊరందరికీ శుభ్రం నేర్పిన మనిషి అలా చేస్తుంటే ఐవీకి ఎందుకో తెలుసు గనక నోరెత్తలేదు. అప్పటికి తల్లి లేదు, ఐవీ పెళ్ళి మాట తలపెట్టలేదు, ఆ చిన్న ఇంట్లో ఇద్దరే.

కొన్నేళ్ళకు ఎనోక్‌కి కడుపులో మెలిపెట్టే నొప్పి పట్టుకుంది. మొహం పాలిపోయింది. మణికట్లు వాలిపోయి బూటు తాడు ముడేసుకోలేకపోయాడు. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, ఆయన దేంతో తింటాడు, దేంతో తాగుతాడు అని గుచ్చిగుచ్చి అడిగి, చివరికి మగ్గు తెప్పించుకు చూశాడు. పాతరోజుల్లో చవగ్గా ఉంటుందని ప్యూటర్‌లో సీసం కలిపేవారు. పులిసిన బీరు ఆ సీసపు విషాన్ని కొంచెం కొంచెంగా లాగి ఎనోక్ ఒంట్లోకి పంపుతోంది.

"అలమరలో పెట్టుకుని చూసుకోండి. దాంతో మాత్రం తాగొద్దు. తాగితే వచ్చే చలికాలం దాటరు" అన్నాడు డాక్టరు.

"మా ముత్తాత దీంతోనే తాగి తొంభై ఏళ్ళు బతికాడు" అన్నాడు ఎనోక్ ఇంటికొచ్చాక.

"ముత్తాత రోజూ కడుక్కున్నాడేమో! నువ్వు పచ్చడి పెడుతున్నావు దాన్లో."

ఐవీ కార్ఖానాలో సీసం లేని కొత్త మగ్గు చేయించి, తనే మెరుగు పెట్టి తెచ్చింది. ఎనోక్ అటూ ఇటూ తిప్పి, "బాగుందే పిల్లా" అని, అందులో గడ్డం గీసుకునే బ్రష్షు పెట్టుకున్నాడు. ఇక తాగనని మాటిచ్చి పాత మగ్గును అరలో పెట్టాడు. పొద్దున్నే ఐవీ వేలు పెట్టి చూస్తే అడుగున తడి. ఓసారి బొగ్గుల కొట్టులో దాచింది. పని నుంచి వచ్చేసరికి ముసలాయన బొగ్గుల్లో కూర్చుని, మగ్గు ఒళ్ళో పెట్టుకుని, నల్లటి చేతుల్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఐవీకి ప్రాణం ఉసూరుమంది. దాచడం మానేసింది.

ఒక ఆదివారం పొద్దున ఎనోక్ కర్ర పోటేసుకుంటూ కూరగాయల మడి చూసుకోవడానికి వెళ్ళాడు. ఐవీ వంటింటి కిటికీ తెరిచింది. అరలోంచి మగ్గు తీసి అంచును చేత్తో తడిమి గ్యాస్ పొయ్యి మీద పెట్టింది. ముందు అడుగు కుంగింది. ఆ తర్వాత సిరిల్ పెదవి తగిలిన అంచు ఒక పక్కకు ఒరిగింది. ఐవీ పొయ్యి ఆర్పలేదు. చూస్తూ నిలబడింది, కళ్ళు తిప్పుకోలేదు.

ఎనోక్ రెండు ఉల్లికాడలు పట్టుకుని వచ్చేసరికి పొయ్యి నిండా బూడిదరంగు మడుగు.

"నీళ్ళు కాద్దామని పెట్టి మర్చిపోయాను నాన్నా."

ఆయన మడుగు వంక చూశాడు, కూతురి వంక చూశాడు. ఉల్లికాడలు బల్ల మీద పెట్టి మేడ మీదికి వెళ్ళిపోయాడు.

వార్త కార్ఖానాకు చేరడానికి ఎంతసేపు? "ఐవీ వస్తోందే, అగ్గిపెట్టెలు దాచుకోండి!" అని పక్క చక్రం మీద పనిచేసే మేబెల్ మొదలెట్టింది. మెరుగు పెట్టే ఆడది ప్యూటర్‌ని పొయ్యి మీద పెట్టిందంటే, జాలరి సముద్రం ఎటుందని అడిగినట్టే. ఒక మాటంటే పది అప్పజెప్పే ఐవీ తలొంచుకుని చక్రం తిప్పుకుంది. అందరికంటే బాధ కలిగించింది తండ్రి. పబ్బులో గాజు గ్లాసు పట్టుకుని, "మా అమ్మాయి బుర్ర గుల్లయిందిరా, రేపు నన్నే కాచుకు తాగుతుంది" అని తనే ఎక్కువగా నవ్వించేవాడు. కసి తీర్చుకుంటున్నాడనుకుంది ఐవీ. అది తనకు తగిన శాస్తే అనుకుని భరించింది.

చలికాలం దాటింది. ఎనోక్ మొహంలోకి రంగు వచ్చింది, మణికట్లు లేచాయి, బూటు తాడు మళ్ళీ తనే కట్టుకున్నాడు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు బతికాడు. ఐవీ జుట్టు నెరిసింది. వీధిలో పాటలు తగ్గి, కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో, పెరటి గోడ పక్కన ఎండలో తండ్రికి టీ ఇస్తూ ఇక దాచుకోలేకపోయింది.

"నాన్నా, ఆ మగ్గు... నేను మర్చిపోలేదు."

"తెలుసు లేవే. మన ఇంట్లో పిల్లి కూడా ప్యూటర్‌ని పొయ్యి మీద పెట్టదు."

"మరి ఊరంతా నాకు బుర్ర లేదని చాటావే!"

"చాటక? కావాలని చేశావంటే ఈ వీధి నిన్ను బతకనిచ్చేదా? తమ్ముడి గుర్తును కాల్చిందనేవాళ్ళు. బుర్ర లేనిదంటే నవ్వి ఊరుకుంటారు."

ఐవీ ముక్కు చీదుకుంది. "కోపం రాలేదా నా మీద?"

"ఎందుకు రాదు? ఏడాది పాటు నీ మొహం చూడబుద్ధి కాలేదు. వాడి మూతి తగిలింది అదొక్కటేనే నాకు మిగిలింది." ఎనోక్ టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. "ఒకరోజు అనుకున్నాను, నువ్వే దాంతో తాగుతూ నా కళ్ళముందు అలా పాలిపోతుంటే నేనేం చేసేవాణ్ణా అని."

"ఏం చేసేవాడివి?"

"నీ అంత కాలం ఆగేవాణ్ణి కాదు."