జపాన్ స్టేటస్‌లో మా సహం పిల్లి

పొద్దున డ్యూటీ బస్సులో మా బామ్మర్ది పంపిన ఫొటోలు చూశాను. జపాన్‌లో ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. శనివారం సెలవని దోస్తులతో కారు వేసుకుని ఏదో చిన్న చేపల ఊరికి పోయాడు. చప్పుడు లేని సముద్రం, వరుసగా పడవలు, వల మీద నిద్రపోతున్న పిల్లి. మధ్యాహ్నానికి అవన్నీ నా భార్య స్టేటస్‌లో ఉన్నాయి, 'మా తమ్ముని జపాన్' అని.

నాకు కడుపు మండింది. ఒమన్‌లో నేనుండే సహం కూడా చేపల ఊరే. రూమ్ నుంచి నడిచిపోయేంత దూరంలో సముద్రం. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆమె స్టేటస్ ఎక్కలేదు.

సాయంత్రం సైట్ నుంచి సిమెంటు బట్టలతోనే ఒడ్డుకు పోయాను. మనుషులు లేరు. ఇసుక మీదికి లాగిన పడవలు, కుప్పగా పోసిన వల, నా అదృష్టానికి ఒక పిల్లి కూడా. ఫొటో తీసి, ఒక్క ముక్క రాయకుండా ఆమెకు పంపాను. చూడగానే తెలుస్తుందిలే అనుకున్నాను.

వెంటనే ఆమె వాయిస్ మెసేజ్ వచ్చింది. "గిది తమ్ముడు నాకు పంపలే, నీకే పంపిండా? అన్నిట్ల గిదే మంచిగున్నది. గా జపాన్ ఫొటోలతోటే స్టేటస్ పెట్టిన."

నేను నోరు తెరిచేలోపే బామ్మర్ది మెసేజ్. "బావా, అక్క పెట్టిన ఆ ఊరు జపాన్ల ఏడుంటది? నిన్నడగమన్నది. వచ్చే వారం ఆడికే పోతం."

వెతుక్కోనీ అని ఊరుకున్నాను. మీరైతే లొకేషన్ పంపేవారా?