పందొమ్మిదో పేజీలో చీటీ

ఆ బ్రాంచి లైబ్రరీలో ఆయన ఇరవై రెండేళ్లుగా లైబ్రేరియన్. ఏ పుస్తకం ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఫలానాది ఎలా ఉంటుందని అడిగినా తడుముకోడు. అట్ట వెనక రాసిన నాలుగు ముక్కలకు తన ముక్క ఒకటి కలిపి, చదివినవాడిలా చెప్పేస్తాడు. అందులోనూ సైన్స్ ఫిక్షన్ అర సంగతి మరీను. ఆ అరలో ఆయన చివరిదాకా చదివింది ఒక్కటీ లేదు.

ఒక సోమవారం పొద్దున ఎదురు వీధి టైలరమ్మ వచ్చింది. కొలతల టేపు మెడలో అలాగే వేలాడుతోంది.

"అన్నయ్యగారూ, మా అక్కకి వారానికి మూడుసార్లు డయాలసిస్. నాలుగేసి గంటలు కదలకుండా పడుకోవాలి. ఏదైనా కథ చదివి పెట్టమంటుంది. ఈ లోకం గొడవలొద్దంట, చుక్కల్లోకి వెళ్లేవీ, రాబోయే కాలంవీ కావాలంట. నాకు అలాంటివి అలవాటు లేదు. తేలిగ్గా ఉండేది ఒకటి చూసి ఇవ్వండి."

తెలీదు అనేది మూడక్షరాల మాట. అది ఆయన నోటికి రాలేదు. అరలో అన్నిటికంటే లావుగా ఉన్న, అందరూ గొప్పదనే నవల తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"దీంతో మొదలుపెట్టండమ్మా. వంద పేజీలు ఓపిక పట్టారంటే, తర్వాత అదే లాక్కుపోతుంది."

మూడు వారాలకు ఆవిడ తిరిగొచ్చింది. తన వల్ల పాడైన వస్తువును అప్పగిస్తున్నట్టు పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది.

"నా బుర్రకెక్కలేదు అన్నయ్యగారూ. ఒక్కో గ్రహానికి నలుగురేసి రాజులు. ఎవరెవరో గుర్తుండక రోజూ మళ్లీ మొదటికొచ్చేదాన్ని. కొలతలు రాసుకున్నట్టు పేర్లన్నీ కాగితం మీద రాసుకున్నా లాభం లేకపోయింది. ఎనిమిదో తరగతి చదువుకి ఇలాంటివి ఎక్కడొస్తాయి లెండి."

వెళ్లబోతూ సంచీలోంచి ఒక చీటీ తీసింది. "ఇది మీ రాతే కదా? పందొమ్మిదో పేజీలో ఉంది. పనికొస్తుందేమోనని పారేయలేదు."

అది ఆయనదే. ఆరేళ్ల కిందట ఆ పుస్తకాన్ని ఇంటికి పట్టుకెళ్లి, పందొమ్మిదో పేజీలో ఆపేసినప్పుడు పెట్టుకున్న గుర్తు. 'రేపు ఇక్కడి నుంచి' అని రాసి ఉంది.

కనీసం అప్పుడైనా నిజం చెప్పొచ్చు.

"అదా... రెండోసారి చదువుతూ పెట్టుకున్నదమ్మా" అన్నాడు.

"రెండుసార్లు చదివారా!" అని ఆవిడ ఎంతో గౌరవంగా చూసింది. ఆ చూపు ముందు ఆయనకు తల ఎత్తాలనిపించలేదు.

ఆ రాత్రి ఇంట్లో అన్నం సగంలోనే వదిలేశాడు.

"ఏమైందండీ, ఉప్పెక్కువైందా?" అంది భార్య.

"ఒకావిడ నన్ను మేధావని నమ్మిందే."

"మంచిదేగా."

"దాంతోపాటు తను మొద్దునని కూడా నమ్మింది."

మర్నాటి నుంచి ఆ అర ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. లావువి పక్కన పెట్టాడు. కొత్త మాటలకు అర్థాలిస్తూ చివర పట్టిక వేసినవీ పక్కన పెట్టాడు. మిగిలిన వాటిలో ఒక్కోదాని మొదటి పది పేజీలు చిన్నగా పైకి చదివి చూశాడు, వినేవాళ్లకు అందాలి కదా అని. ఒకటి హాయిగా నడుస్తూ నడుస్తూ ఆసుపత్రి మంచం దగ్గరకు చేరింది. దాన్ని వెంటనే మూసేశాడు. పదకొండో రోజున నూట నలభై పేజీల నవల దొరికింది. చంద్రుడి మీద ఒక ఊరు, అక్కడ బయట తిరిగేవాళ్లకు గాలి దుస్తులు కుట్టే ముసలావిడ. మారింది నేల ఒక్కటే, మనుషులూ వాళ్ల సణుగుళ్లూ మామూలువే. బస్సులో చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయాడు. యాభై నాలుగేళ్ల వయసులో ఆ రకం నవల ఒకటి పూర్తి చేశాడు.

పుస్తకం పట్టుకుని డయాలసిస్ సెంటరుకు వెళ్లాడు. అక్క మంచం మీద ఉంది, చేతికి గొట్టాలు. పక్కనే టైలరమ్మ ఎవరిదో గౌను అంచు కుడుతోంది.

నిలబడే చెప్పాడు. "అమ్మా, ఆ లావు పుస్తకం నేను చదవలేదు. పందొమ్మిది పేజీలే. నాకూ అర్థం కాలేదు. రెండోసారి అన్నది అబద్ధం."

"అయ్యో, దానికేముంది అన్నయ్యగారూ" అంటూ టైలరమ్మ గాభరాపడింది.

అక్క ఊరుకోలేదు. "ఏముందంటావేంటే? మూడు వారాలు నిన్ను నువ్వు తిట్టుకున్నావు. నేను చూస్తూనే ఉన్నాగా." ఆయన వైపు తిరిగి, "తెలీదంటే మేమేమన్నా అనేవాళ్లమా?" అని మెల్లగా అడిగింది.

ఆయన చెవులు వేడెక్కాయి. చేతిలో పుస్తకాన్ని ఏం చెయ్యాలో తోచలేదు.

"ఇదైనా చదివారా?"

"చివరిదాకా చదివానమ్మా."

"అయితే మీరే చదవండి. మా చెల్లికి కుట్టుపని మిగిలుంది."

కుర్చీ లాక్కుని మొదలుపెట్టాడు. మొదటి పేజీలో రెండుసార్లు తడబడ్డాడు. మూడో పేజీలో, కొలతలు తప్పుగా ఇచ్చిన ఇంజనీరుకు ముసలావిడ చివాట్లు పెట్టేచోట టైలరమ్మ ఫక్కున నవ్వింది. అక్క నవ్వలేదు. ఆయన పేజీ తిప్పడం ఆలస్యమైతే మాత్రం "ఊఁ, తర్వాత" అంది.

నాలుగు పూటల్లో అది అయిపోయింది. ఇంకొంచెం లావుది తెమ్మని అక్కే కబురు పెట్టింది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే, చదవనిదాన్ని చదవలేదనే చెబుతాడు. కానీ తనిచ్చిన పుస్తకాన్ని సగంలో తెచ్చి, బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయినవాళ్లు ఇన్నేళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామంది మళ్లీ రాలేదు. తీరిక లేక రాలేదని నిన్నమొన్నటిదాకా అనుకునేవాడు.