బోనాలు తెగిపోని బొమ్మ

గోదావరిఖనిలో పెళ్లి వీడియో కావాలంటే అందరికీ కొమురెల్లి స్టూడియోనే గుర్తొచ్చేది. లోపలి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ వీడియోలన్నీ కత్తిరించి, అతికించేది శాలిని అని మాత్రం కొద్దిమందికే తెలుసు. ఆమె తండ్రి దేవసహాయం బొగ్గుగనిలో క్లర్కు. ఆయన నర్సింగ్ చదవమంటే శాలిని పట్టుబట్టి ఎడిటింగ్ నేర్చుకుంది. సెంటినరీ కాలనీ నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేది.

2012లో జువ్విగడ్డ నుంచి పోశవ్వ అనే పెద్దావిడ వచ్చింది. ఓపెన్‌కాస్ట్ గని కోసం ఆ ఊరు ఖాళీ అవుతోంది. అక్కడ చివరిసారి జరిగిన పోచమ్మ బోనాలను కొమురెల్లి కొత్త హెచ్‌డీ కెమెరాతో తీశాడు. తొమ్మిదేళ్ల కిందటి బోనాలను పాత కెమెరాతో తీసిందీ అతనే. ఆ క్యాసెట్టును పోశవ్వ చీరల మడతల్లో దాచుకుంది.

"రెండూ కలిపి ఒక్కటే సినిమా చెయ్యి బిడ్డా. ఊరంతా అండ్ల కనవడాలె," అంది.

చిక్కు అక్కడే వచ్చింది. పాత బొమ్మ ఇంచుమించు చదరంగా ఉంది, కొత్తది అడ్డంగా పొడుగు.

"గుంజి నింపెయ్ చెల్లె, ఎవలు జూస్తరు?" అన్నాడు కొమురెల్లి.

శాలిని అలాగే చేసి చూపించింది. తెర మీద తనను చూసుకుని పోశవ్వ నోరు నొక్కుకుంది.

"గింత లావు నేనెన్నడున్ననే? గప్పుడు గడ్డపారోలె ఉంటుంటి!"

రెండోసారి శాలిని బొమ్మను గుంజకుండా పెద్దది చేసి, పైనా కిందా ఎక్కువైంది కోసేసింది. ఈసారి మనుషులు మనుషుల్లాగే ఉన్నారు. కానీ వరసగా నడిచొస్తున్న ఆడవాళ్ల తలల మీద బోనాలు లేవు. పోశవ్వ తల దించుకుంది. తిట్టినా శాలినికి అంత బాధ కలిగేది కాదు.

"అవ్వా, రేపు నా పక్కన కూసుంటవా? ఏది కొయ్యాలెనో, ఏది కొయ్యద్దో నాకేం ఎరుక? నువ్వే చెప్పాలె."

పోశవ్వ వారం రోజులు వచ్చింది. నూట నలభై ముక్కలు, ఒక్కొక్కటీ ఆపి చూశారు. బోనాలున్నచోట శాలిని పైభాగం ఉంచి పాదాలు వదిలేసింది. డప్పు వాయిస్తూ ఎగిరేవాళ్లకు పాదాలు ఉంచింది. రెండూ కావలసినచోట పాత బొమ్మను దాని కొలతలోనే మధ్యన నిలిపి, అటూ ఇటూ అదే బొమ్మను మసకగా పరిచింది. మనుషులు వేగంగా కదిలినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలా లేచే గీతలను ఓపిగ్గా తీసేసింది. పాత ముఖాలు వెలవెలబోకుండా, నిగనిగలాడే కొత్త ముఖాలను వాటి పక్కనే పెట్టలేదు. మధ్యలో వాకిళ్లనో, వేపమండలనో ఉంచింది.

జువ్విగడ్డవాళ్లకు కట్టించిన కొత్త కాలనీ హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి, పట్టపగలే ప్రొజెక్టర్ మీద వేశారు. కాసేపటికి ఒకరు "గది మా గడప!" అన్నారు. ఇక ఎవరిల్లు వాళ్లు చూపించుకోవడమే. పోశవ్వ లేచి తెర దగ్గరికి వెళ్లి, బోనమెత్తుకున్న తన బొమ్మను వేలితో తాకింది.

"మల్లొక్కసారి ఎయ్యి బిడ్డా," అంది.

శాలిని మూడుసార్లు వేసింది.

రెండేళ్లకు ప్రత్యేక రాష్ట్రం వచ్చేనాటికి మరో నాలుగు ఊళ్లవాళ్లు తమ పాత క్యాసెట్లు తెచ్చి ఆమెకిచ్చారు. కొమురెల్లి కోసం కాదు, లోపలి గదిలో ఉండే శాలిని కోసమే అడుగుతూ వచ్చేవాళ్లు.